పెయింటర్ జాన్ కాన్‌స్టబుల్‌కి గుర్తింపు అంత ఆలస్యంగా ఎందుకొచ్చింది, అప్పటిదాకా ఇల్లెలా గడిచింది?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంగ్లండ్ ల్యాండ్‌స్కేప్ పెయింటర్ జాన్ కాన్‌స్టబుల్ అంత గొప్పవాడు కదా, మరి ఇంగ్లండ్ పెయింటర్ల పెద్ద సంస్థ రాయల్ అకాడమీ పూర్తి మెంబరుగా తీసుకోవడానికి 52 ఏళ్ళ వయసు దాకా ఎందుకు ఆగింది, అన్నేళ్ళూ ఎలా బతికాడు, ఉద్యోగం మానేసి ల్యాండ్‌స్కేప్ మీదే కూర్చుందామనుకుంటున్న మీరు ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకోవచ్చా అని. వచ్చే నెల లండన్ వెళ్తున్నారు కాబట్టి ఏయే బొమ్మలు చూడాలో కూడా చెప్పమన్నారు.

ముందు సూటిగా చెప్పేస్తా. ఆయన ల్యాండ్‌స్కేపులు అమ్ముకుని బతకలేదు. నాన్న వ్యాపారంలోంచి వచ్చిన డబ్బు, మధ్యమధ్యలో పోర్ట్రెయిట్లు, చివర్లో మావగారి ఆస్తి, వీటి మీదే ఇల్లు నడిచింది. కాబట్టి డబ్బు విషయంలో ఆయన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. పని చేసిన తీరులో మాత్రం నిస్సందేహంగా తెచ్చుకోండి, ఎందుకంటే ఆయన కెరీర్ మొదటి ఇరవై ఏళ్ళు వృథాగా పోయిన కాలం కాదు, తర్వాత వచ్చిన పెద్ద బొమ్మలన్నీ ఆ ఏళ్ళ పని మీదే నిలబడ్డాయి. నేను ఆయిల్స్‌లో ల్యాండ్‌స్కేప్ వేస్తాను, నేర్పిస్తాను కూడా, ఆయన స్టడీలు, అంటే సాధన కోసం వేసుకున్న చిన్న బొమ్మలు, కాపీ చేస్తూనే నేను ఆకాశం వేయడం నేర్చుకున్నా, అందుకని కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

డబ్బు సంగతి. తండ్రి గోల్డింగ్ కాన్‌స్టబుల్ సఫోక్ జిల్లా ఈస్ట్ బెర్గోల్ట్‌లో మోతుబరి. స్టౌర్ నది మీద ఫ్లాట్‌ఫర్డ్‌లో ఒక నీటిమర, డెడమ్‌లో ఇంకోటి, ఊళ్ళో గాలిమర, ధాన్యం లండన్ పంపడానికి సొంత ఓడ. జాన్ 1776 జూన్ 11న పుట్టాడు, రెండో కొడుకు. పెద్దవాడు వ్యాపారం చూసుకునే స్థితిలో లేకపోవడంతో ఇతనే చూసుకుంటాడని ఇంట్లో అనుకున్నారు, ఏడాదిపాటు మరల్లో పని కూడా చేశాడు. గాలిమరలో పనిచేసే మనిషికి ఆకాశం చూడకపోతే పూట గడవదు, గాలి ఎటు తిరుగుతోందో, మబ్బు ఎంత దూరంలో ఉందో చూసుకుంటూ ఉండాలి, ఆ అలవాటు ఆయనకి జీవితాంతం పనికొచ్చింది. ఆఖరికి తమ్ముడు అబ్రామ్ వ్యాపారంలోకి దిగాడు, 1799లో జాన్ 22 ఏళ్ళ వయసులో లండన్ వెళ్ళి రాయల్ అకాడమీ స్కూల్లో చేరాడు, ఖర్చులకి ఇంటి నుంచే డబ్బు వచ్చేది.

1802లో ఒక మిలటరీ కాలేజీలో డ్రాయింగ్ మాస్టర్ ఉద్యోగం వచ్చింది, స్థిరమైన జీతం, ఆయన వద్దనుకున్నాడు. ఈ ముక్క చదివి చాలామంది "చూడండి, ఆయన కూడా ఉద్యోగం వదిలేశాడు" అంటారు. వెనకాల రెండు పిండిమరలు తిరుగుతున్న మనిషి వదులుకోవడం వేరు, ఇంటి ఈఎంఐ కడుతున్న మనిషి వదులుకోవడం వేరు. దాన్ని తక్కువ చేసి చెప్పడంలేదు, ఆ డబ్బు ఆయనకి టైము కొనిపెట్టింది, ఆ టైముని ఆయన ఒక్క రోజు కూడా పాడుచేయలేదు, రెండూ నిజమే.

ఆ డబ్బు కూడా హాయిగా బతికేంత కాదు. ఊరి రెవరెండ్ డాక్టర్ రడ్ మనవరాలు మరియా బిక్నెల్‌ని 1809లో ప్రేమించాడు. తాతగారు బాగా ఉన్నవాడు, ఈ బొమ్మలేసేవాణ్ణి చేసుకుంటే ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వనన్నాడు. ఇక్కడ చేతిలో సంపాదన లేదు, అక్కడ పెద్దవాళ్ళ బెదిరింపు, ఇద్దరూ ఏడేళ్ళు ఉత్తరాలు రాసుకుంటూ ఆగారు. 1816లో తండ్రి పోయాక వ్యాపారంలో వాటా దక్కింది, అప్పుడు, అక్టోబర్ 2న, లండన్‌లో పెళ్ళి చేసుకున్నారు. ఆయనకి అప్పటికి 40. పెళ్ళి చేయించింది స్నేహితుడు జాన్ ఫిషర్, పాదిరీ. ఈ ఫిషర్ పేరు గుర్తుపెట్టుకోండి, ఆయనకి రాసిన ఉత్తరాల వల్లే ఈ రోజు మనకి కాన్‌స్టబుల్ మనసులో ఏముందో తెలుస్తోంది, కాన్‌స్టబుల్ మొదటి ఆరడుగుల బొమ్మ 'ది వైట్ హార్స్'ని 100 గినీలు (గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ) ఇచ్చి కొన్నది కూడా ఆ ఫిషరే.

ఇప్పుడు ఆలస్యం ఎందుకయిందనే మాటకొస్తా. టర్నర్‌తో పోల్చి చూడండి. టర్నర్ 1775లో పుట్టాడు, ఏడాది మాత్రమే పెద్ద, 1802లో 26 ఏళ్ళకే పూర్తి అకాడమీషియన్ అయిపోయాడు. కాన్‌స్టబుల్ 1819లో అసోసియేట్, అంటే పూర్తి మెంబరు కంటే కింది మెట్టు, 1829లో పూర్తి మెంబరు, అదీ ఒక్క ఓటు తేడాతో. ఇద్దరూ ల్యాండ్‌స్కేప్ వాళ్ళే, మరి తేడా ఎక్కడ?

మొదటిది, ఏం వేశాడు అన్నది. ఆ రోజుల్లో అకాడమీ లెక్కలో పురాణాలు, చరిత్ర, బైబిల్ కథలు వేసేవాళ్ళు పై వరసలో, ప్రకృతి వేసేవాళ్ళు కింద వరసలో. టర్నర్ ఆల్ప్స్ వేశాడు, సముద్రయుద్ధాలు వేశాడు, కార్తేజ్ వేశాడు, ల్యాండ్‌స్కేప్‌ని పట్టుకెళ్ళి ఆ పై వరసలో కూర్చోబెట్టాడు. ఇతనేమో నాన్నగారి మర, మర పక్కన లాకు, లాకులోంచి వెళ్ళే పడవ, పడవ లాగే గుర్రం. జీవితంలో ఇంగ్లండ్ దాటలేదు. 1806లో మేనమామ ఖర్చులు పెట్టుకుంటే లేక్ డిస్ట్రిక్ట్ వెళ్ళి రెండు నెలలు కొండలు వేశాడు, చాలా బాగా వేశాడు, కానీ మనుషులూ ఊళ్ళూ లేని ఆ కొండల మధ్య మనసు కుంగిపోయినట్టుందని తర్వాత చెప్పాడు. ఫిషర్‌కి రాసిన ఒక ఉత్తరంలో తనకిష్టమైనవేంటో చెప్తాడు: మరల గట్ల నుంచి నీళ్ళు జారే చప్పుడు, విల్లో చెట్లు, కుళ్ళిన పాత పలకలు, నాచు పట్టిన గుంజలు, ఇటుక గోడలు. 1821లో అలాంటి లిస్టు చదివి ఏ కమిటీ మెడల్ ఇస్తుంది చెప్పండి.

రెండోది, ఎలా వేశాడు అన్నది. అప్పటి అభిరుచిలో ల్యాండ్‌స్కేప్ అంటే పాత మాస్టర్ల బొమ్మల్లో ఉన్న ఆ వార్నిష్ గోధుమరంగు. ఆయన శ్రేయోభిలాషి సర్ జార్జ్ బోమాంట్, ల్యాండ్‌స్కేప్ పాత వయొలిన్ రంగులో ఉండాలన్నాడట, కాన్‌స్టబుల్ వయొలిన్ తీసుకెళ్ళి ఇంటిముందు పచ్చగడ్డి మీద పెట్టి చూపించాడట. గడ్డి ఏ రంగో ఆ రంగే వేశాడు, ఒకే ఆకుపచ్చ కాకుండా పక్కపక్కన నాలుగైదు రకాల ఆకుపచ్చలు, వాటి మీద తడి మెరుపు కోసం చిన్నచిన్న తెల్ల చుక్కలు, కొన్ని బ్రష్‌తో, కొన్ని రంగులు కలిపే కత్తి, పాలెట్ నైఫ్‌తో. ఆ చుక్కల్ని అప్పటి విమర్శకులు మంచు పడిందని వెక్కిరించారు. 1830లో, అప్పటికే అకాడమీషియన్ అయ్యాక కూడా, ఆయన బొమ్మ ఒకటి పొరపాటున బయటివాళ్ళ బొమ్మల్లో కలిసి సెలెక్షన్ కమిటీ ముందుకొస్తే, ఆయన ఆ కమిటీలో కూర్చునే ఉండగా ఎవరో ఇదేంటి ఈ అసహ్యమైన పచ్చటిది అన్నారు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, సాలిస్‌బరీ దగ్గర నీటి పచ్చిక. దాంట్లో ఆకుపచ్చ ఎంత నెమ్మదిగా, ఎంత చల్లగా ఉంటుందో చూస్తే ఆ మాట అన్న మనిషి అసలు బొమ్మ వైపు చూశాడా అనిపిస్తుంది నాకు.

ఇవి కాక ఆయన నోరు కాస్త పదును, తోటి పెయింటర్ల మీద చురకలు వేసేవాడు, ఓట్లు వేయాల్సింది వాళ్ళే. అది కూడా కొంత పని చేసి ఉంటుంది.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది, ఆయన నిజంగానే ఆలస్యంగా పండాడు. దీన్ని లోకం చేసిన అన్యాయం అనుకుంటే ఆయన పని మనకి సగమే అర్థమవుతుంది. 1802లోనే ఊళ్ళో స్నేహితుడు డన్‌థార్న్‌కి రాశాడు, ఇన్నాళ్ళూ బొమ్మల వెంట పరిగెత్తి సత్యాన్ని రెండోచేతి మీదుగా వెతుక్కున్నా, ఇక బెర్గోల్ట్ వచ్చేసి ఎదురుగా ఉన్నది చూసి వేస్తా అని. అప్పటినుంచి ప్రతి ఎండాకాలం ఊరికి రావడం, ఆ రెండు మూడు మైళ్ళ నేలలోనే తిరుగుతూ వేయడం. 1813లో వాడిన జేబు స్కెచ్‌బుక్ ఒకటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ వాళ్ళ దగ్గర ఉంది, అరచేతంత పేజీల్లో నాగలి, పడవ, చెట్టు మొదలు, గట్టు మీద మనిషి, అన్నీ పెన్సిల్‌తో. ఆ పేజీల్లో కనిపించే వస్తువులే కొన్నేళ్ళ తర్వాత పెద్ద కాన్వాసుల్లోకి వస్తాయి. 1814లో ఫ్లాట్‌ఫర్డ్ దగ్గర పడవ కట్టడం బొమ్మ మొత్తం అక్కడే ఆరుబయట కూర్చుని పూర్తిచేశాడు. ఇంత పని అయ్యాక, 42 ఏళ్ళ వయసులో 1819లో, మొదటి ఆరడుగుల బొమ్మ బయటికొచ్చింది.

ఆకాశం స్టడీల గురించి చెప్పకపోతే ఈ జవాబు వ్యర్థం. 1821, 1822లో మరియా ఆరోగ్యం కోసం ఎండాకాలాలు లండన్ పక్కన హ్యాంప్‌స్టెడ్ గుట్ట మీద ఉన్నారు. ఆయన రంగుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, మూత లోపలివైపు కాగితం గుచ్చి, ఆయిల్స్‌లో మబ్బులే వేశాడు, చాలావాటిలో నేల కూడా ఉండదు. వెనకవైపు తేదీ, గంట, గాలి ఎటు వీస్తోంది, తర్వాత వాన పడిందా లేదా రాసేవాడు. 1821 సెప్టెంబర్ 11 నాటి స్టడీ వెనక ఉదయం పది నుంచి పదకొండు, మబ్బులు వెండి బూడిద రంగు, ఉక్కగా ఉంది, నైరుతి వైపు చిన్న గాలి, రోజంతా బాగుంది, రాత్రి వాన, ఈ రకంగా ఉంటుంది. రాత్రి వాన పడిందని రాశాడంటే బొమ్మ అయిపోయాక కూడా దాని వెంటే ఉన్నాడన్నమాట. ల్యాండ్‌స్కేప్‌లో ఆకాశమే శ్రుతి, భావానికి అదే ముఖ్యమైన అంగం అని ఆ ఏడాదే ఫిషర్‌కి రాశాడు.

ఇవి నేను కాపీ చేసినప్పుడు, తర్వాత మా డాబా మీద కూర్చుని మన తొలకరి మబ్బుల మీద అదే పద్ధతి వాడినప్పుడు తెలిసిన సంగతి ఒకటి చెప్తా. ఆయన చాలాసార్లు కాగితానికి ముందే ఎర్రమట్టి లాంటి గోధుమ గులాబీ గ్రౌండ్, అంటే అడుగు రంగు, వేసుకునేవాడు. తెల్ల కాగితం మీద మబ్బు వేస్తే తెలుపు ఎక్కడా నిలబడదు, కాగితమే తెల్లగా ఉంటే మబ్బు తెలుపు ఎలా తెలుస్తుంది. ఆ వెచ్చటి గ్రౌండ్ మీద ముందు నీలం ఖాళీలు పెట్టుకుని, మబ్బు పొట్టభాగంలో గ్రౌండ్‌ని అక్కడక్కడా అలాగే వదిలేసి పైనుంచి చల్లటి బూడిదరంగు పల్చగా లాగితే, కాసేపట్లో వాన దింపబోయే మబ్బు బరువు వచ్చేస్తుంది. చిక్కటి తెలుపు చివర్లోనే, వెలుగు తగిలే భుజం మీద, ఒకట్రెండు చోట్ల. మబ్బు ఆగదు కాబట్టి గంటలోపే ముగించాలి, చూసింది గుర్తుపెట్టుకుని వేయాలి, ఆ గుర్తుపెట్టుకోవడమే అసలు సాధన. మా స్టూడెంట్ ఒకాయన, గవర్నమెంటు ఉద్యోగి, ఒక వర్షాకాలమంతా ఆఫీసు నుంచి వచ్చాక వాళ్ళ ఊరి చెరువుగట్టు మీద ఒకే చోట కూర్చుని చిన్న చిన్న కాగితాల మీద ఇలా వేశాడు. మొదట్లో వేసినవాటిలో ఆకాశం వెనకాల కట్టిన తెరలా ఉండేది, చివర్లో వేసినవాటిలో తల మీదుగా వెళ్తోంది, దూరంగా క్షితిజం దగ్గరికెళ్ళేకొద్దీ మబ్బులు పల్చటి గీతలుగా దగ్గరపడుతున్నాయి. నేను అతనికి పర్‌స్పెక్టివ్ పాఠం విడిగా చెప్పలేదు. ఉద్యోగం కూడా మానలేదు అతను.

కొనేవాళ్ళకి ఈ ఆకాశాలు నచ్చాయా అంటే, లేదు. ఆల్‌నట్ అనే వ్యాపారి ఆయన దగ్గర దుక్కి దున్నే బొమ్మ కొన్నాడు, బంధువులూ స్నేహితులూ కాని కొత్తమనిషి కొన్న తొలి ల్యాండ్‌స్కేపుల్లో ఒకటి అది, కొని ఆకాశం నచ్చలేదని ఇంకో పెయింటర్‌తో దాని మీద వేరే ఆకాశం వేయించాడు! కొన్నాళ్ళకి తప్పు తెలుసుకుని మళ్ళీ కాన్‌స్టబుల్ దగ్గరికే వచ్చి సరిచేయమన్నాడు. సాలిస్‌బరీ బిషప్ కూడా తన కెథెడ్రల్ వేయించుకుని ఆ నల్లమబ్బు తీసేసి కాస్త ఎండ పెట్టమన్నాడు. నా బొమ్మకి కూడా ఒక గ్యాలరీవాళ్ళు ఆకాశం ఇంకాస్త నీలంగా ఉంటే త్వరగా పోతుందన్నారు, నేను మార్చలేదు, అది నా దగ్గరే ఉంది.

'ది హే వెయిన్' కథ మీకు తెలిసే ఉంటుంది కానీ వివరాలు ముఖ్యం. 1821లో అకాడమీలో పెట్టాడు, దాదాపు ఆరడుగుల వెడల్పు, పేరు 'ల్యాండ్‌స్కేప్: నూన్' అనే. ఎడమవైపు విల్లీ లాట్ ఇల్లు, మధ్యలో లోతులేని నీళ్ళలో ఖాళీ బండి, కుడివైపు దూరంగా పొలంలో గడ్డి కోసేవాళ్ళు. బొమ్మ లండన్‌లో వేస్తున్నాడు కాబట్టి బండి కొలతలు సరిగ్గా గుర్తులేక ఊరికి కబురు పెట్టి, తమ్ముడి ద్వారా డన్‌థార్న్ కొడుకు చేత నిజం బండి డ్రాయింగ్ వేయించి తెప్పించుకున్నాడు. అదీ ఆయన పట్టుదల. బొమ్మ అమ్ముడుపోలేదు. 1824లో ప్యారిస్ డీలర్ ఆరోస్మిత్ దీన్నీ ఇంకో పెద్ద బొమ్మనీ ఒక చిన్నదాన్నీ కలిపి 250 పౌండ్లకి తీసుకెళ్ళి ఆ ఏడాది సలోన్‌లో, అంటే ప్యారిస్ పెద్ద ఎగ్జిబిషన్‌లో, పెట్టాడు. ఫ్రెంచివాళ్ళు కదిలిపోయారు, రాజు పదో ఛార్లెస్ గోల్డ్ మెడల్ ఇచ్చాడు, ఫ్రెంచ్ పెయింటర్ డెలాక్రా వీటిని చూసి తన 'మాసకర్ ఎట్ కియోస్' బొమ్మలో వెనకభాగాన్ని మళ్ళీ దిద్దుకున్నాడు. రమ్మని పిలిస్తే కాన్‌స్టబుల్ మాత్రం ప్యారిస్ వెళ్ళలేదు, అంతలో డీలర్‌తో గొడవపడ్డాడు కూడా. మార్కెట్ దృష్టితో చూస్తే అది పెద్ద అవకాశం పోగొట్టుకోవడమే. ఇంట్లో జబ్బుమనిషి, చిన్నపిల్లలు, ఆయన ప్రపంచం అంతా స్టౌర్ ఒడ్డునే ఉంది, నాకు ఆ నిర్ణయంలో తప్పు కనపడదు. అదే సమయంలో లండన్‌లో 'ది లాక్' ఎగ్జిబిషన్ మొదటిరోజే 150 గినీలకి పోయింది, 2012 వేలంలో అదే బొమ్మ 2 కోట్ల 24 లక్షల పౌండ్లకి వెళ్ళింది.

1828 ఆయన్ని విరిచేసింది. జనవరిలో ఏడో బిడ్డ, మార్చిలో మావగారు పోయి 20,000 పౌండ్లు వాళ్ళకి వదిలారు, మొదటిసారి డబ్బు దిగులు తీరింది, ఇక స్థిమితంగా పెద్ద కాన్వాసు ముందు నిలబడొచ్చు అనుకున్నాడు. నవంబర్ 23న మరియా క్షయతో పోయింది, ఆమెకి 40. తర్వాత రెండున్నర నెలలకి అకాడమీ ఓటు. ఆ కబురు స్వయంగా తెచ్చింది టర్నరే, అర్ధరాత్రి దాటేదాకా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. పంచుకునే మనిషి లేకుండాపోయాక వచ్చిందని కాన్‌స్టబుల్ బాధపడ్డాడు. ఆ పైన అకాడమీ ప్రెసిడెంట్ లారెన్స్, చరిత్ర బొమ్మలు వేసే మంచివాళ్ళు ఇంకా ఉండగా ల్యాండ్‌స్కేప్‌వాడివి నువ్వు ఎన్నికవడం అదృష్టం అనుకో అన్నట్టు మాట్లాడాడు, భార్య పోయిన మనిషితో ఆ మాట అనడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఆ ఏడాది పెట్టిన 'హ్యాడ్లీ కాజిల్' చూడండి, కూలిన బురుజు, కింద సముద్రపాయ, రంగంతా గీసుకుపోయి గరుకుగా ఉంటుంది. మరియా బతికున్నప్పటి బొమ్మల్లో ఆ గరుకు ఎక్కడా లేదు. 1837 మార్చి 31 రాత్రి ఆయన హఠాత్తుగా పోయాడు, స్నేహితులు చందాలు వేసుకుని 'ది కార్న్‌ఫీల్డ్' కొని నేషనల్ గ్యాలరీకి ఇచ్చారు, అందులో ఉన్నది ఆయన చిన్నప్పుడు డెడమ్ బడికి నడిచిన దారి.

మీ విషయానికొస్తే, ఉద్యోగం ఉంచుకోండి, వారానికి రెండు పూటలైనా ఖాయంగా తీసుకుని ఒకే చోటికి వెళ్ళండి, ఏడాదిపాటు ఇంకో చోటు వెతకొద్దు. ఫోటో చూసి వేయొద్దు, కనీసం స్టడీలు మాత్రం అక్కడే వేయండి, వెనకాల తేదీ, టైము, గాలి రాయండి. అమ్మకం సంగతి తర్వాత, ముందు పెట్టె నిండా స్టడీలు చేరనివ్వండి. మీకు 34 అన్నారు, ఆ వయసుకి కాన్‌స్టబుల్ ఊళ్ళోవాళ్ళ పోర్ట్రెయిట్లు వేసుకుంటున్నాడు.

లండన్‌లో వరస ఇలా పెట్టుకోండి. ముందు విక్టోరియా అండ్ ఆల్బర్ట్, అక్కడ 'హే వెయిన్'కీ 'లీపింగ్ హార్స్'కీ ఆయన వేసుకున్న అసలు సైజు ఆయిల్ స్కెచ్‌లు ఉంటాయి, ఎవరికీ చూపించడానికి కాదు, తన కోసం వేసుకున్నవి, గ్రౌండ్ ఎక్కడ వదిలేశాడో, నైఫ్ ఎక్కడ లాగాడో కళ్ళకి కనపడుతుంది. తర్వాత నేషనల్ గ్యాలరీలో పూర్తయిన 'హే వెయిన్' దగ్గరికి వెళ్ళి, గుర్రాలకి కట్టిన పట్టీల మీద ఉన్న ఆ చిన్న ఎర్ర ముక్కల్ని వేలు అడ్డం పెట్టి మూసి చూడండి, ఆకుపచ్చంతా ఒక్కసారిగా చప్పబడిపోతుంది. టేట్ బ్రిటన్ గ్యాలరీలో 'ఫ్లాట్‌ఫర్డ్ మిల్' ఉంటుంది. బొమ్మలు ఒక్కోసారి వేరే ఎగ్జిబిషన్లకి పంపిస్తుంటారు కాబట్టి వెళ్ళేముందు వాళ్ళ సైట్లు చూసుకోండి. ఒక రోజు మిగిలితే లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కి మానింగ్‌ట్రీలో దిగండి, గంట ప్రయాణం, అక్కడినుంచి నది గట్టు మీద సుమారు రెండు మైళ్ళు నడిస్తే ఫ్లాట్‌ఫర్డ్, మరా ఉంది, విల్లీ లాట్ ఇల్లూ ఉంది. దారి తడిగా ఉంటుంది, మంచి బూట్లు వేసుకుని, చిన్న స్కెచ్‌బుక్ ఒకటి పట్టుకెళ్ళండి.